విశాఖ ఉప్పుగాలికి తట్టుకొనే మెసెంజర్ బ్యాగు, దానికి తగిన సోలార్ ప్యానెల్: ఎంచుకొనే పద్ధతి

సోలార్ ప్యానెల్ ఉన్న మెసెంజర్ బ్యాగు కొనదలచినవారు ముందుగా ప్యానెల్ సంగతి పక్కన పెట్టి, బ్యాగును బ్యాగుగానే పరీక్షించడం మంచిది. పట్టీ భుజాన్ని కోస్తూ, లోపలి పూత రెండో వానాకాలానికే పొట్టు రాలుస్తూ ఉంటే, దానికి ఎంత ఖరీదైన ప్యానెల్ తగిలించినా ప్రయోజనం లేదు. మంచి బ్యాగు చేతిలో ఉంటే ప్యానెల్‌ను ఎప్పుడైనా విడిగా కొని తగిలించుకోవచ్చు. విశాఖపట్నంలో ఈ క్రమం మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడి ఉక్కపోత, ఉప్పుగాలి, అక్టోబరు తుఫాను వానలు బ్యాగును తినేస్తాయి. ఎండ ఎంత దండిగా ఉన్నా, భుజాన వేలాడే ప్యానెల్‌కు అందేది మాత్రం మనం అనుకున్నదానికన్నా చాలా తక్కువ.

సౌకర్యమంతా పట్టీలోనే ఉంది. మెసెంజర్ బ్యాగు బరువు ఒకే భుజం మీద పడుతుంది కనుక పట్టీ వెడల్పు రెండు అంగుళాలకు తగ్గకూడదు. సన్నని పట్టీ నాలుగు కిలోల బరువుకే మెడ పక్క కండరంలోకి దిగబడుతుంది. నాలుగు కిలోలంటే ఎక్కువనిపించవచ్చు గానీ, కిలోన్నర లాప్‌టాప్, దాని చార్జరు, లీటరు నీళ్ల సీసా, అన్నం క్యారేజీ కలిపి తూచి చూస్తే లెక్క దాదాపు అక్కడికే చేరుతుంది. జగదాంబ కూడలిలోనో ద్వారకానగర్‌లోనో ఖాళీ బ్యాగును అద్దం ముందు తగిలించుకొని చూసినంత మాత్రాన తెలిసేది ఏమీ ఉండదు. మీ సామాను వెంట తీసుకెళ్లి, అందులో సర్ది, దుకాణం ముందు కాసేపు అటూ ఇటూ నడవండి. మొహమాటపడవలసిన పని లేదు. నడుస్తున్నప్పుడు బ్యాగు అడుగు తొడను కొడుతూ ఉంటే అది మీకు తగినంత పైకి రావడం లేదని అర్థం. నిండు బ్యాగు అడుగుభాగం నడుము ఎముక దగ్గర ఆగాలి.

భుజం కింద మెత్త మందంగా ఉంటే చాలని అనుకోవద్దు. మందపాటి ఫోమ్ మన ఊరి చెమటను పీల్చుకొని సాయంత్రానికి వాసన వేస్తుంది. జాలీ గుడ్డ తొడిగిన పలుచని, గట్టి మెత్త అంతకన్నా నయం. ఆ మెత్త పట్టీ మీద జరిగేలా ఉండాలి, లేకపోతే బ్యాగును మరో భుజానికి మార్చినప్పుడు అది భుజం మీదకు కాక వీపు మీదకు పోతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక వైపు నిండు బస్సులో నిలబడి వెళ్లేవారు బ్యాగును ముందుకు తిప్పుకోవలసి ఉంటుంది; మధురవాడ, రుషికొండ వైపు స్కూటరు మీద వెళ్లేవారికి అది వీపున కదలకుండా కూర్చోవాలి. ఒకే బ్యాగు రెండు పనులూ చేయాలంటే ఒంటి చేత్తో బిగించి వదలగల బకిల్, చంక కింద నుంచి వచ్చి ప్రధాన పట్టీకి తగులుకొనే సన్నని రెండో పట్టీ ఉండాలి. ఆ రెండో పట్టీ లేని బ్యాగు ఎన్‌ఏడీ కూడలి వంటి చోట మలుపు తిరిగేటప్పుడు జారి హ్యాండిల్ మీదకు వస్తుంది. మెడనొప్పి, భుజం నొప్పి ఇప్పటికే ఉన్నవారు మాత్రం ఈ రకం జోలికి వెళ్లకుండా రెండు భుజాల మీద మోసే బ్యాగు కొనుక్కోవడమే మేలు.

ఇక గుడ్డ సంగతి. బ్యాగు చీటీ మీద 600 డీ, 1000 డీ అని కనిపించేది డెనియర్ కొలత. తొమ్మిది వేల మీటర్ల దారపు పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డెనియర్. అంకె పెరిగిన కొద్దీ గుడ్డ మందమవుతుంది, బరువూ పెరుగుతుంది. రోజువారీ వాడకానికి 500 నుంచి 1000 లోపు సరిపోతుంది. నైలాన్ రాపిడికి బాగా ఓర్చుకుంటుంది, కానీ తన బరువులో సుమారు 4 శాతం తేమను గాలి నుంచి పీల్చుకుంటుంది, ఎడతెగని ఎండకు బలహీనపడుతుంది. పాలియెస్టర్ అర శాతం తేమను కూడా పీల్చదు, ఎండలో ఎక్కువకాలం నిలుస్తుంది. ప్యానెల్ కోసం గంటల తరబడి ఎండలో పెట్టే బ్యాగు కనుక, నైలాన్‌కు పేరెక్కువ ఉన్నా ఈ పనికి నేను పాలియెస్టర్‌కే ఓటు వేస్తాను. నూలు కాన్వాస్ చూడముచ్చటగా ఉంటుంది, భుజానికి హాయిగా ఉంటుంది, చిరిగితే పక్కవీధిలో కుట్టించుకోవచ్చు. అయితే తడిస్తే రెట్టింపు బరువనిపిస్తుంది, సరిగా ఆరకపోతే నల్లని బూజు చుక్కలు పడతాయి, ఆ చుక్కలు ఉతికినా పోవు. తోలు మీద మోజున్నవారిని ఎవరూ ఆపలేరు గానీ, బీరువాలో పెట్టిన తోలు చెప్పులకు వానాకాలంలో పట్టే తెల్లటి బూజు గుర్తుంచుకొని ఆ నిర్ణయం తీసుకోవాలి. రెక్సిన్ మడతల దగ్గర పగిలి, చెక్కులు లేస్తుంది.

పైగుడ్డకన్నా లోపలి పూతను చూడడం ముఖ్యమని కొనేవారిలో చాలామందికి తెలియదు. నీరు దిగకుండా గుడ్డ వెనుక పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పూత వేస్తారు. చౌక రకం పూతలో గాలిలోని తేమ చేరి రసాయన బంధాలను మెల్లగా విడగొడుతుంది. అందుకే అసలు వాడకుండా అలమారలో దాచిన బ్యాగు కూడా రెండు మూడేళ్లకు తెరిస్తే లోపల జిగురుగా అంటుకొని, తెల్లని పొలుసులు పుస్తకాల మీద రాలుస్తుంది. కొనేముందు లోపలి గుడ్డను తిప్పి, బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. జిగురు తగిలినా, వేలికి పొడి అంటినా ఆ సరుకు దుకాణంలోనే ముసలిదైపోయిందని అర్థం. లోపల విడి గుడ్డగా వేలాడే, ట్రక్కు టార్పాలిన్ వంటి మందపాటి అస్తరు ఉంటే ఈ బెడద తక్కువ.

జిప్పులూ బకిల్‌లూ ఇక్కడ మొదట దెబ్బతినేవి. బీచ్ రోడ్డుకు దగ్గరలో ఉండేవారికి ఈ సంగతి కిటికీ గొళ్లాలు చూస్తేనే తెలుస్తుంది. జేబులో చిన్న అయస్కాంతం వేసుకొని వెళ్లి బకిల్‌కు ఆనించండి; పట్టుకుందంటే మెరుపు పూత కింద ఇనుమే ఉందని, పూత గీసుకుపోగానే తుప్పు పడుతుందని అనుమానించవచ్చు. లోహపు పళ్ల జిప్పుకన్నా ప్లాస్టిక్ చుట్టల జిప్పు మేలు, ప్లాస్టిక్ బకిల్‌లు ఇంకా మేలు. జిప్పు రన్నర్ బిగుసుకుంటే లాగి తెంపకుండా, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, కొవ్వొత్తి మైనం రుద్దితే చాలావరకు మళ్లీ కదులుతుంది.

వానకు గుడ్డ తట్టుకున్నా కుట్టు తట్టుకోదు, ఎందుకంటే సూది దిగిన ప్రతి రంధ్రమూ నీటికి దారి. సముద్రం మీద నుంచి గాలితో కలిసి వచ్చే జల్లు పైనుంచి కాక పక్కనుంచి కొడుతుంది కనుక, పైమూత బ్యాగు రెండు మూలల మీదికీ మడతపడి దిగాలి. ఇరుకైన మూత ఎంత పొడవున్నా లాభం లేదు.

ఇప్పుడు ప్యానెల్. ఎండ నిండుగా ఉన్నప్పుడు చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుందని ప్రమాణంగా తీసుకుంటారు. ఏ4 కాగితంలో సగం అంత ప్యానెల్ మీద అందులో పడేది 31 వాట్లు. ప్యానెల్‌లోని మంచి మోనోక్రిస్టలైన్ సెల్ (ఒకే సిలికాన్ స్ఫటికం నుంచి కోసిన బిళ్ల) అందులో 20 శాతాన్ని కరెంటుగా మార్చగలిగితే వచ్చేది 6 వాట్లు. అంతే చోటులో 20 వాట్లు ఇస్తుందని పెట్టె మీద రాసి ఉంటే నమ్మనక్కరలేదు. ఆ 6 వాట్లు కూడా సెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. మన ఎండలో నల్లని ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.4 శాతం చొప్పున దాదాపు 14 శాతం తగ్గుతుంది. తీగలలో, సర్క్యూటులో పోయేది పోగా 4 వాట్లు నికరంగా వస్తే సంతోషించాలి.

అసలు చిక్కు ప్యానెల్ ఉండే తీరులో ఉంది. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు భుజాన నిట్టనిలువుగా వేలాడే ప్యానెల్‌కు కిరణాలు ముఖం మీద పడకుండా, పక్కనుంచి రాసుకుంటూ కిందికి జారిపోతాయి. ఒళ్లు మాడే ఎండలో నడిచినా ఫోన్ చార్జింగ్ కదలదు. చిత్రంగా, డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక, అటు ముఖం పెట్టి ఉన్న ప్యానెల్‌కు మే నెలకన్నా ఎక్కువ అందుతుంది. కాబట్టి మూతకు కుట్టేసిన ప్యానెల్ వద్దు. కొక్కేలతోనో జిప్పుతోనో విడదీయగలిగేది కావాలి. కూర్చున్న చోట దాన్ని తీసి, వేసవిలో నేలమీద బల్లపరుపుగా, డిసెంబరులో దక్షిణానికి సుమారు 40 డిగ్రీల వాలుగా పెట్టాలి. సెల్‌లు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి కనుక, పట్టీ నీడ ఒక్క సెల్ మీద పడినా మొత్తం ప్యానెల్ చతికిలపడవచ్చు. పై పొర ఈటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్ అయితే ఎండకు త్వరగా పసుపెక్కదు, చౌకైన పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) పొర మసకబారి అంచుల దగ్గర లేస్తుంది.

ఫోన్‌ను నేరుగా ప్యానెల్‌కు కలపకూడదు. మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా చార్జింగ్ ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది, కొన్ని ఫోన్లు తిరిగి అందుకోవు. మధ్యలో పవర్ బ్యాంక్ ఉండాలి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో 3.7 వోల్టుల లెక్కన 37 వాట్‌అవర్ల శక్తి ఉంటుంది (ఒక వాట్ చొప్పున గంటసేపు అందే శక్తి ఒక వాట్‌అవర్); 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీకి సుమారు 19 కావాలి. నాలుగు వాట్ల చొప్పున నాలుగు గంటల మంచి ఎండ దొరికితే 16 వాట్‌అవర్లు వస్తాయి, నష్టాలు తీసేస్తే ఫోన్ సగంపైన నిండుతుంది. కార్యాలయంలో ప్లగ్గు పక్కనే కూర్చునేవారికి ఇది దండగ ఖర్చు. అరకు, లంబసింగి వైపు రోజంతా తిరిగేవారికి, బయట సర్వే పనులు చేసేవారికి అక్కరకొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసినవారికి వేరే కారణం చెప్పనక్కరలేదు. అయితే తుఫాను హెచ్చరిక రాగానే గోడ ప్లగ్గు నుంచి పవర్ బ్యాంక్‌ను నింపుకోవడమే మొదటి పని, మబ్బు విడిచాక ప్యానెల్ రెండోది.

పవర్ బ్యాంక్ కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. చాలా బ్యాగుల్లో బ్యాటరీ జేబు సరిగ్గా ప్యానెల్ వెనుకే కుడతారు, అంతకన్నా తప్పు చోటు లేదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయడం దాని ఆయుష్షుకూ మన భద్రతకూ మంచిది కాదు. కాస్త పొడవైన కేబుల్ తీసుకొని, ప్యానెల్ ఎండలో, పవర్ బ్యాంక్ బ్యాగు అడుగున నీడలో ఉండేలా చూడాలి. విమానంలో పవర్ బ్యాంక్‌ను చేతి సామానులోనే తీసుకెళ్లాలి కనుక, బయటికి తీయడానికి వీల్లేని బ్యాటరీ కుట్టిన బ్యాగు కొనకూడదు.

వాడకంలో పెద్ద శ్రమ ఏమీ లేదు. సముద్రం పక్కన గడిపి వచ్చిన రోజున బకిల్‌లు, జిప్పులు, ప్యానెల్ ముఖం మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. పోర్టుకు దగ్గరగా పాత నగరం వైపు ఉండేవారు నల్లదుమ్మును పొడిగుడ్డతో రుద్దితే ప్యానెల్ మీద గీతలు పడతాయి, తడిగుడ్డే వాడాలి. యూఎస్‌బీ రంధ్రం తడిగా ఉన్నప్పుడు కేబుల్ గుచ్చవద్దు. చాలాకాలం వాడనప్పుడు బ్యాగును బీరువాలో కుక్కకుండా గాలి తగిలే కొక్కేనికి తగిలించి, పవర్ బ్యాంక్‌ను సగం చార్జింగ్‌తో విడిగా ఉంచి, రెండు మూడు నెలలకొకసారి తీసి చూసుకోవాలి.