మే నెలలో రెండేళ్ల పిల్లతో జూ పార్కుకి: పదిన్నరకల్లా బయటపడే ప్లాన్

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు. రెండేళ్ల పిల్ల ఓపిక మహా అయితే రెండు గంటలు. అందుకని అన్నీ చూపించాలన్న ఆశ ఇంట్లోనే వదిలేసి బయల్దేరండి. మూడు జంతువులు చాలు. గేటు తెరిచేసరికి అక్కడుండాలి, పదిన్నరకల్లా బయటికొచ్చేయాలి. పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పసిపిల్లను తిప్పే ప్లాన్ ఏదైనా సరే, అది ప్లాన్ కాదు.

సోమవారం జూకి సెలవు. సెలవుల్లో ఆదివారాలు టికెట్ల క్యూలోనే పిల్ల ఓపిక సగం అయిపోతుంది. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఎవరో ఒకరు సెలవు పెట్టుకోగలిగితే మేలు. గేటు సమయాలు ముందురోజే చూసుకుని, టికెట్ ఆన్‌లైన్‌లో తీసేసుకోండి. మెహిదీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆరాంఘర్ చేరితే, అక్కణ్ణుంచి జూ వైపు 2025 జనవరిలో తెరిచిన ఫ్లైఓవర్ ఉంది. పాతబస్తీ ట్రాఫిక్‌లో ఇరుక్కునే బాధ తప్పుతుంది.

ఇక తిండి. బయటికెళ్లిన రోజు చెడేది ఎక్కువగా ఇక్కడే. పొద్దున్నే పెరుగు కలిపి పట్టుకెళ్లిన అన్నం పదయ్యేసరికి పులిసిపోతుంది, పిల్ల ఉమ్మేస్తుంది. పెరుగు బదులు పాలతో కలపండి. మెత్తగా ఉడికిన అన్నం ఒక కప్పు తీసుకుని గరిటెతో మెదపండి. కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు ఒక కప్పు పోసి, పుల్లగా లేని పెరుగు చిన్న చెంచాడు, చిటికెడు ఉప్పు కలపండి. పాలు వేడిగా ఉంటే తోడు పాడవుతుంది. చేతికి గోరువెచ్చగా తగలాలి, అంతే. ఏడింటికి కలిపితే పదిన్నరకి అన్నం పాలు పీల్చుకుని, అప్పుడప్పుడే తోడుకోవడం మొదలై, కమ్మగా ఉంటుంది. తాలింపు వద్దు. ఆవాలు, మిరపకాయ ముక్కలు పిల్ల నోట్లో ఏరడం జనంలో కుదిరే పని కాదు. డబ్బా నిండుగా సర్దండి. సగం డబ్బాలో అన్నం దారిపొడుగునా కుదుపులకి అంచులకెక్కి ఎండిపోతుంది.

దాంతోపాటు గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, ఒక అరటిపండు. తాటి ముంజలు దొరికితే లేతవే తీసుకుని, పొట్టు ఒలిచి, చిన్న ముక్కలు చేయండి. జారుడుగా ఉంటాయి కాబట్టి నిండు ముంజ చేతికివ్వకూడదు. పల్లీలు, పాప్‌కార్న్, కోయని ద్రాక్ష అసలే వద్దు. ఈ వయసులో గొంతుకడ్డం పడేవి ఇవే. అందులోనూ నడుస్తూ, నవ్వుతూ తినేటప్పుడు.

నీళ్లు పెద్దవాళ్లకి తలా ఒక లీటరు, పిల్లకి అర లీటరు, స్టీలు సీసాల్లో. ప్లాస్టిక్ సీసాలతో గేటు దగ్గర తనిఖీల గొడవ పెట్టుకోకండి. సీసాకి తడిగుడ్డ చుట్టి ఉంచితే చల్లదనం నిలుస్తుంది. దాహమని పిల్ల అడిగేదాకా ఆగొద్దు. ఆటలో పడితే అడగదు. పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి సంచిలో ఉండాలి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. చిటికెడు గ్లాసులో వేసి అంచనా మీద కలిపితే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. టెట్రా ప్యాక్‌లో వచ్చే తియ్యటి పానీయాలు దీనికి సాటి రావు.

సంచిలో ఇంకా నాలుగు డైపర్లు, రెండు జతల పలుచని నూలు బట్టలు, మోసేవాళ్లకి ఒక టీషర్టు (వాంతి పడేది వాళ్ల మీదే), రెండు చేతిగుడ్డలు, గొడుగు. టోపీ పెట్టినా రెండు నిమిషాల్లో పీకి పారేస్తారు, గొడుగునే నమ్ముకోండి. స్ట్రోలర్ తీసుకెళ్లండి గానీ, ఎండ తగలకుండా దాని మీద దుపట్టా కప్పొద్దు. గాలాడక లోపల వేడి కూడుతుంది. గొడుగు పట్టుకోవడమే మేలు.

మూడు జంతువుల్లో ఒకటి పెద్దది, దూరంనుంచే కనపడేది: ఏనుగో, జిరాఫీయో. రెండోది ఊరికే కదిలేది, చప్పుడు చేసేది: కోతులు, పక్షులు. మూడోది పిల్ల బొమ్మల పుస్తకంలో రోజూ వేలు పెట్టి చూపించేది, అది ఏదైనా సరే. పులి పడుకునే ఉంటే పిల్లకి అది కనపడదు. కనపడనిదాన్ని "అదిగో, అదిగో" అని చూపించడం వల్ల ఏడుపు తప్ప ఇంకేం రాదు. పొద్దున్నే వెళ్తే జంతువులు తిరుగుతూ ఉంటాయి, ఎండెక్కితే అవీ నీడ చూసుకుంటాయి. బ్యాటరీ బండి ఎక్కేముందు మధ్యలో దిగి మళ్లీ ఎక్కే వీలుందో లేదో టికెట్ దగ్గరే అడగండి. వీలుంటే దూరంగా ఉన్నది ముందు చూసి, గేటు వైపు వెనక్కి రండి. అలసిన పిల్లని ఎత్తుకుని నడవాల్సిన దూరం తగ్గుతుంది. పిల్ల ఏనుగుని వదిలేసి చీమల బారు ముందు చతికిలబడితే పడనివ్వండి, టికెట్ డబ్బులు అక్కడ కూడా గిట్టుబాటు అయినట్టే. ఆట స్థలంలో జారుడుబండ ఎక్కించేముందు అరచేయి వెనకవైపు దాని మీద ఆనించి ఐదు దాకా లెక్కపెట్టండి. మీకు చుర్రుమంటే పిల్లకి కాలుతుంది.

పది దాటగానే నీడ చూసుకుని అన్నం తినిపించి, డైపర్ మార్చి, అప్పుడు కారు దగ్గరికి నడవండి. ఆకలితో, తడి డైపర్‌తో ఎక్కిస్తే దారిపొడుగునా పేచీయే. ముందు తలుపులన్నీ తీసి వేడిగాలి పోనిచ్చి, సీటు బెల్టు ఇనుప భాగం చేత్తో తాకి చూడండి. పిల్ల దారిలో నిద్రపోతే పోనివ్వండి. దిగాక మాత్రం "ఐదు నిమిషాలే కదా" అని కార్లో వదిలేసి సామాను దించడానికి వెళ్లకండి. ఆపిన కారు నిమిషాల్లో కాగిపోతుంది. కార్లో పావుగంట కునుకు తీస్తే మధ్యాహ్నం నిద్ర ఎగిరిపోవచ్చు. అప్పుడు బలవంతంగా పడుకోబెట్టకుండా, కిటికీలు మూసి, ఫ్యానేసి పక్కన పడుకోండి. చాలాసార్లు అదే పట్టేస్తుంది.

పిల్ల మగతగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా, వాంతులవుతున్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇంటి చిట్కాలతో ఆగొద్దు. బట్టలు వదులు చేసి, ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. మగతలో ఉన్న పిల్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

నిద్ర లేచాక మెడ మడతల్లో, చంకల్లో చెమటకాయలు చూడండి. కనపడితే చల్లనీళ్లతో కడిగి, అద్ది, గాలాడనివ్వండి. పౌడర్ దట్టంగా పూస్తే చెమటకి ముద్దలు కట్టి ఇంకా మండుతుంది. ఐదున్నర తర్వాత ఆడుకోవాలంటే బాల్కనీలో టబ్బు పెట్టి నీళ్లు పిల్ల చీలమండ దాకా పోయండి, ఒక గ్లాసు, ఒక జల్లెడ ఇవ్వండి. పెద్దవాళ్లు ఒకరు చెయ్యందేంత దూరంలో కూర్చోవాలి, ఫోన్ లేకుండా. పిల్ల బయటికి రాగానే టబ్బు ఒంపి బోర్లించండి.