ఏది చేత్తో రాయాలి? ఏది టైప్ చేయాలి?

ఏదైనా రాసుకోవాల్సి వస్తే చేతికి అందినదానితో రాసేస్తాం. ఇప్పుడు చేతికి అందేది దాదాపు ఎప్పుడూ ఫోనే. ఫలితం ఏమిటంటే, గుర్తుండాల్సిన పాఠం ఫోనులో పడి ఉంటుంది, తల్లోకి ఎక్కదు. అవసరానికి దొరకాల్సిన వివరమేమో ఏదో కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ఎక్కడో పెట్టి మర్చిపోతాం.

రాయబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి: రాశాక ఇది ఎక్కడికి వెళ్లాలి? నా తల్లోకి వెళ్లాలంటే చేత్తో రాయడం మేలు. ఇంకొకరికి పంపాలన్నా, పదిసార్లు మార్చాలన్నా, ఏడాది తర్వాత వెతికి పట్టుకోవాలన్నా టైప్ చేయడం మేలు. కింద చెప్పేవన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

1. ముందు ఒక రోజంతా గమనించండి

పొద్దుటి నుంచి రాత్రి దాకా మీరు ఏమేం రాస్తున్నారో ఒక కాగితం మీద వేసుకోండి. మెసేజీలు, సరుకుల జాబితా, మీటింగులో పాయింట్లు, ఈమెయిళ్లు, ఖర్చుల లెక్క, డైరీ, పిల్లల హోంవర్కులో సాయం, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన "గుర్తుండాలి" లేదా "దొరకాలి" అని రాయండి. కొన్నిటికి రెండూ రాయాల్సి వస్తుంది. పరీక్షకు చదివే నోట్సు, కొత్త పని మొదలుపెట్టే ముందు వేసుకునే ప్లాను అలాంటివి. వాటిని ముందు చేత్తో రాసి, తర్వాత టైప్ చేయాలి. రెండు పనులు అవుతాయి కదా అనిపిస్తుంది. నిజమే, అవుతాయి. కానీ ఆ రెండో పనిలోనే మనకు పట్టు దొరుకుతుంది. ఎలాగో మూడో అంచెలో చెబుతాను.

2. వింటూ రాసే నోట్సు

టైపింగు, చేతిరాత మధ్య తేడా అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది ఇక్కడే. క్లాసు, మీటింగు, ఉపన్యాసం, డాక్టరు చెప్పే జాగ్రత్తలు, ఇవన్నీ వింటూ రాసేవే.

మొదటి తేడా వేగం. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కలిసి 1 లక్షా 68 వేల మంది టైపింగును పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించాయి. ఇంగ్లీషులో సగటున నిమిషానికి 52 పదాలు వచ్చాయి. చేత్తో రాస్తే అందులో సగం వేగం రావడమే కష్టం. మాట్లాడే మనిషి మాత్రం ఈ రెండిటికన్నా వేగంగా వెళ్లిపోతూ ఉంటాడు. కీబోర్డు ముందు కూర్చున్నవాళ్లు ఆ మాటల వెంట పరిగెత్తాలని చూస్తారు, విన్నది విన్నట్టు కొట్టేస్తారు. పెన్ను పట్టుకున్నవాళ్లకు ఆ ఆశే ఉండదు. ఏది ముఖ్యమో అప్పటికప్పుడు తేల్చుకుని, తమ మాటల్లో కుదించి రాయక తప్పదు. కుదించాలంటే ముందు అర్థం చేసుకోవాలి కదా.

అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో సరిగ్గా ఈ మాటే చెప్పారు. ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్న విద్యార్థులు ఎక్కువ పదాలు రాశారు గానీ, భావం అర్థమైతేనే చెప్పగలిగే ప్రశ్నల దగ్గర వెనకబడ్డారు. అయితే 2019లో వేరే బృందం అదే ప్రయోగం మళ్లీ చేస్తే అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. ఈ రెండిటినీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది: మహిమ పెన్నులో లేదు, కుదించడంలో ఉంది. పెన్ను మనచేత ఆ పని తప్పనిసరిగా చేయిస్తుంది, కీబోర్డు చేయించదు. కాబట్టి ల్యాప్‌టాప్ వాడక తప్పనివాళ్లు కూడా ఒక నియమం పెట్టుకుంటే చాలు. చెప్పే మనిషి ఒక విషయం ముగించేదాకా వేళ్లు కదపకుండా విని, ఆ తర్వాత రెండే రెండు వాక్యాలు సొంత మాటల్లో కొట్టండి.

నార్వేలో 36 మంది విద్యార్థుల తలకు సెన్సర్లు అమర్చి చేసిన ఒక అధ్యయనం 2024లో వచ్చింది. చేత్తో రాసేటప్పుడు మెదడులోని వేర్వేరు భాగాల మధ్య సంబంధాలు టైపింగులో కన్నా ఎక్కువగా కనిపించాయి. ఇది చూసి "రాస్తే తెలివి పెరుగుతుంది" అనుకోకండి. అక్కడ వాళ్లకు ఎంత గుర్తుందో పరీక్షించలేదు, టైపింగు కూడా ఒక్క వేలితోనే చేయించారు. మనకు పనికొచ్చే సంగతి అందులో ఇంకోటి ఉంది. వాళ్లు రాసింది కాగితం మీద కాదు, స్క్రీను మీద డిజిటల్ పెన్నుతో. అంటే ట్యాబ్లెట్ మీద స్టైలస్‌తో రాసేవాళ్లు కూడా చేతిరాత లెక్కలోకే వస్తారు.

ఇక పేజీని ఎలా విడగొట్టాలంటే, 1950లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఎడమ వైపు మూడో వంతు వదిలి నిలువు గీత గీయండి. కింద నాలుగైదు వరుసలు ఖాళీగా ఉంచండి. వింటున్నప్పుడు కుడి వైపు మాత్రమే రాయాలి. అదే రోజు రాత్రిలోపు ఎడమ వైపు ప్రశ్నలు రాయండి: "ఎందుకు అలా అయింది?", "దీనికీ దానికీ తేడా ఏమిటి?" లాంటివి. కింది ఖాళీలో మొత్తం పేజీ సారం రెండు మూడు వాక్యాల్లో పెట్టండి. తర్వాత కుడి వైపు చేత్తో మూసేసి, ఎడమ వైపు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. చాలామంది గీత గీస్తారు, ప్రశ్నలు మాత్రం రాయరు. ప్రశ్నలు రాయకపోతే గీత గీసినా ప్రయోజనం లేదు.

చెప్పినవాళ్ల మాట ఉన్నది ఉన్నట్టు కావాలంటే మాత్రం టైప్ చేయండి. మీటింగు మినిట్స్, ఇంటర్వ్యూ, ఎవరి మాటలనైనా తర్వాత చూపించాల్సిన సందర్భం, ఇక్కడ కుదింపు పనికిరాదు. లెక్కలు, బొమ్మలు, బాణం గుర్తులు ఉండే పాఠాలకు పెన్నే దిక్కు. చేతి నొప్పి వల్లో మరే ఇబ్బంది వల్లో రాయలేనివాళ్లకు ఈ సలహా ఏదీ వర్తించదు. వాళ్లు నిశ్చింతగా టైప్ చేసుకోవచ్చు.

3. కష్టమైన ఉత్తరం, వ్యాసం, దరఖాస్తు

మొదటి ప్రతి చేత్తో రాయండి. వరుస విడిచి వరుస రాయండి, పక్కన బాగా చోటు వదలండి. నచ్చని మాటను ఒక్క గీతతో కొట్టేయండి, కనబడకుండా రుద్దకండి. కొట్టేసిన మాటే తర్వాత బాగుందనిపించడం మామూలే. స్క్రీను మీద రాస్తే మొదటి వాక్యాన్నే చెరుపుతూ, మళ్లీ రాస్తూ అరగంట గడిచిపోతుంది. కాగితం మీద ముందుకు పోక తప్పదు.

తర్వాత టైప్ చేసేటప్పుడు చూసి ఎక్కించడంతో సరిపెట్టకండి. ఒక్కో పేరా చదివి, కాగితం పక్కన పెట్టి, చెప్పాలనుకున్నది కొట్టండి. అనవసరమైన మాటలు వాటంతట అవే రాలిపోతాయి. రెండో పని అని పైన అన్నది దీన్నే.

కోపంలో ఉన్నప్పుడు ఎవరికైనా మెసేజ్ పెట్టాల్సి వస్తే, దాన్ని తప్పకుండా ముందు కాగితం మీద రాయండి. కాగితానికి సెండ్ బటన్ ఉండదు.

4. పాడైన చేతిరాతను దారిలో పెట్టడం

కొన్నేళ్లు రాయకపోతే ఎవరి దస్తూరీ అయినా చెడుతుంది. బాగుచేసుకోవడం అనుకున్నంత కష్టం కాదు.

ముందు పట్టు చూసుకోండి. వేళ్ల చివర్లు తెల్లబడుతున్నాయంటే పెన్నును మరీ బిగించి పట్టుకున్నట్టే. బాల్ పెన్నులో ఇంకు చిక్కగా ఉంటుంది, అందుకే నొక్కి రాయాల్సి వస్తుంది. జెల్ పెన్నో, ఇంకు పెన్నో అయితే తేలిగ్గా ఆనిస్తే చాలు. మోచేతి కింది భాగం మొత్తం బల్ల మీద ఆననివ్వండి. కుడిచేత్తో రాసేవాళ్లు కాగితం పై అంచును కాస్త ఎడమకు, ఎడమచేత్తో రాసేవాళ్లు కాస్త కుడికి తిప్పుకోవాలి.

ఆ తర్వాత మీరు రాసిన ఒక పేజీ ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, చదవలేకపోయిన మాటల చుట్టూ గుండ్రంగా గీయమనండి. మొత్తం దస్తూరీ బాగా లేదనుకుంటాం గానీ, చూస్తే తప్పంతా నాలుగైదు అక్షరాల దగ్గరే ఉంటుంది. తెలుగులో ఎక్కువగా కలిసిపోయేవి మ, య. ఆ తర్వాత ప, వ. థ, ధల మధ్య తేడా లోపలి చుక్కే కాబట్టి అది పెట్టకపోతే రెండూ ఒకటే అవుతాయి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన చిన్న మెలికే. ఒత్తులను పై వరుసకు అంటించేయడం, కింది వరుస మీదికి జార్చేయడం ఇంకో లోపం. తెలుగుకు కింద ఒత్తులుంటాయి కాబట్టి వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఇరుకు రూళ్ల పుస్తకం కొనకండి.

ఆ నాలుగైదు అక్షరాలతో వచ్చే మాటలే రోజుకు పది నిమిషాలు నెమ్మదిగా రాయండి. అందంగా ఉండాలన్న టెన్షన్ వద్దు. ఎవరైనా చదవగలిగితే చాలు. రాస్తుంటే చెయ్యి తిమ్మిరెక్కడమో, నొప్పి తగ్గకపోవడమో ఉంటే ఆపేసి డాక్టరుకు చూపించండి.

5. చూడకుండా టైప్ చేయడం

కీబోర్డు మీద ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు తగులుతాయి. చూపుడు వేళ్లు అక్కడ ఉండాలని వాటి అర్థం. మిగతా వేళ్లు అదే వరుసలో పక్కపక్కన ఉంచండి. ప్రతి మీటకూ ఒక వేలు. మొదట్లో మీ పాత రెండు వేళ్ల వేగం కన్నా నెమ్మదిగా వస్తుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకండి. రోజుకు పావుగంట, కళ్లు స్క్రీను మీదే. వేగం గురించి ఆలోచించకుండా తప్పులు లేకుండా కొట్టడం మీదే దృష్టి పెడితే వేగం వెనకే వస్తుంది.

తెలుగు టైపింగుకు రెండు దారులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు చేసి ఇచ్చేది ఒకటి. రోజుకు నాలుగు మెసేజీలు పెట్టేవాళ్లకు అది చాలు. అయితే ల, ళ, న, ణ, శ, ష, స దగ్గర అది పొరబడుతుంది కాబట్టి పంపే ముందు ఒకసారి చదవాలి. రెండోది ఇన్‌స్క్రిప్ట్, అంటే భారతీయ భాషల కోసం చేసిన కీబోర్డు అమరిక. ఇందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. ఒత్తు కావాలంటే హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా కొట్టాలి: క, పొల్లు, ష కొడితే క్ష వస్తుంది. రోజూ పేజీలకు పేజీలు తెలుగు రాసేవాళ్లు దీన్ని నేర్చుకోవాలని గట్టిగా చెబుతాను. తెలుగును తెలుగుగానే ఆలోచిస్తూ కొట్టవచ్చు, మధ్యలో ఇంగ్లీషు స్పెల్లింగు అడ్డు రాదు.

ఒక చిన్న చిక్కు. పొల్లుతో ముగిసే మాటకు "లో" తగిలిస్తే అది ఒత్తుగా మారి "ఆఫీస్లో" అయిపోతుంది. చేత్తో రాసేటప్పుడు ఈ బాధ లేదు. టైప్ చేసేటప్పుడు తేలికైన దారి "ఆఫీసులో" అని రాయడమే. చదవడానికీ అదే హాయిగా ఉంటుంది.

6. కాగితం నుంచి ఫోనుకు

ప్రతి నోటుబుక్కుకూ పేజీ నంబర్లు వేయండి, మొదటి రెండు పేజీలు విషయసూచికకు వదలండి. దాచాల్సిన పేజీని పగటి వెలుతురులో, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు: 2025-03-14 ఇలా. అప్పుడు ఫైళ్లు వాటంతట అవే వరుసలో ఉంటాయి. పేరులో విషయం కూడా టైప్ చేయండి, ఎందుకంటే ఫోను అచ్చు అక్షరాలను చదివినంత బాగా చేతిరాతను చదవలేదు.

ఇంకు సంగతి కూడా చూసుకోండి. ఇంకు పెన్నుతో రాసింది నీళ్లు పడితే కరిగిపోతుంది. బాల్ పెన్ను, పెన్సిలు చాలావరకు తట్టుకుంటాయి. రుద్దితే మాయమయ్యే పెన్నులు వేడికి పనిచేసేవి, 60 డిగ్రీల దగ్గర రాత మాయమవుతుంది. ఎండలో ఆపిన కారులో పెడితే చాలు. సంతకాలకు, దరఖాస్తులకు వాటిని వాడకండి. టైప్ చేసినవాటికి వేరే గండం ఉంది: ఫోను పోతే అన్నీ పోతాయి. ముఖ్యమైనవి రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. పాస్‌వర్డులు ఫోను నోట్సులో అలాగే రాసి పెట్టకండి. వాటికోసమే చేసిన యాప్‌లోనో, తాళం వేసిన బీరువాలోని కాగితం మీదో ఉండాలి.

7. పిల్లలు ఉన్న ఇంట్లో

ఫిన్లాండ్ 2016లో బడుల్లో కలిపి రాసే రాతను (కర్సివ్) తప్పనిసరి కాకుండా చేసి, కీబోర్డుకు చోటిచ్చింది. విడి అక్షరాలు రాయడం మాత్రం మానలేదు. కాలిఫోర్నియా 2023లో చట్టం చేసి, 1 నుంచి 6 తరగతులకు కలిపి రాసే రాతను తిరిగి తెచ్చింది. దారులు వేరైనా, అక్షరం నేర్చుకునే వయసులో చేత్తో రాయించడం ఇద్దరూ వదల్లేదు. కీబోర్డు మీద అన్ని అక్షరాలకూ వేలి కదలిక ఒకటే. చేత్తో రాస్తే ప్రతి అక్షరానికీ దాని మలుపు దానికి ఉంటుంది, అది కంటితో పాటు చేతికీ తెలుస్తుంది. తెలుగు అక్షరాల్లో చాలా పోలికలు ఉంటాయి కాబట్టి మన పిల్లలకు ఇది మరీ అవసరం.

అందుకని అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు స్థిరపడేదాకా చేత్తోనే రాయించండి. కీబోర్డు తర్వాత నేర్పవచ్చు. నేర్పేటప్పుడు మాత్రం మొదటి రోజు నుంచే అన్ని వేళ్లతో నేర్పండి. రెండు వేళ్ల అలవాటు పడ్డాక మార్చడం చాలా కష్టం. రాయడానికి కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనాలి. ఆనకపోతే కింద ఒక పీట వేయండి.