పీఎఫ్ పని నేర్చుకుందాం - 4వ పాఠం: ఖర్చు ఎక్కడ కారుతోంది?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చేశారా? 40 మంది ఉద్యోగులు, ఒక్కొక్కరికి పీఎఫ్ వేతనం, అంటే పీఎఫ్ లెక్క కట్టే జీతం, 15,000. మొత్తం చలాన్ 1,50,000 రావాలి. ఉద్యోగుల వాటా 12 శాతం, అంటే 72,000. యజమాని వాటా కూడా 72,000. అందులో 50,000 పెన్షన్‌కు, అంటే పదో నంబరు ఖాతాకు పోతుంది. మిగిలిన 22,000 ఒకటో నంబరు ఖాతాలో చేరుతుంది. ఈడీఎల్ఐ బీమాకు 3,000, అడ్మిన్ చార్జీలకు 3,000.

పెన్షన్ దగ్గర 49,980 వచ్చిందా? అయితే మీరు పెన్షన్ వాటా 8.33 శాతాన్ని అందరి వేతనాల మొత్తం మీద ఒకేసారి తీశారు. అలా కాదు. ఒక్కొక్కరికి 1,249.50 వస్తుంది, దాన్ని 1,250 చేసి ఆ తర్వాత కూడాలి. ఎక్సెల్‌లో రౌండ్ ఫార్ములా మనిషి వరుసలోనే ఉండాలి, కింద మొత్తంలో కాదు.

ఇక ఈ పాఠం సంగతి. పీఎఫ్ ఖర్చు తగ్గించమని యజమాని అడిగితే చాలామంది చూపు ముందు ఆ అడ్మిన్ చార్జీల 3,000 మీద పడుతుంది. దాన్ని మనం ఏమీ చేయలేం. రేటు 0.5 శాతం, కనీసం 500 రూపాయలు, ప్రభుత్వం పెట్టిన లెక్క. 2018 జూన్‌కి ముందు 0.65 శాతం ఉండేది, వాళ్లే తగ్గించారు. మన చేతిలో ఉన్నవి రెండే: ఆలస్యం, తిరిగి చేసే పని.

ముందు ఆలస్యం. పైన చెప్పిన 40 మంది లెక్క ఊహించి రాసింది కాదు, నేను 2023లో పనిచేసిన ఒక భాగస్వామ్య సంస్థది. ఒక నెల 15వ తారీఖు, అంటే కట్టడానికి ఆఖరి గడువు రోజు, సాయంత్రం నాలుగింటికి చలాన్ రెడీ అయింది. బ్యాంకు ఓటీపీ మా సార్ ఫోన్‌కు వస్తుంది. సారేమో తిరుమలలో దర్శనం క్యూలో ఉన్నారు, ఫోన్ డిపాజిట్ కౌంటర్‌లో ఉంది. డబ్బు 17న కట్టాం. రెండు రోజులకు 12 శాతం చొప్పున వడ్డీ వంద రూపాయలు కూడా కాలేదు, డ్యామేజీలు, అంటే ఆలస్యానికి వేసే జరిమానా, నలభై చిల్లర. హమ్మయ్య అనుకున్నాం.

అసలు దెబ్బ ఆడిటర్ దగ్గర తగిలింది. ఉద్యోగుల జీతంలోంచి కోసిన వాటాను గడువు దాటి కడితే అది ఖర్చుగా చూపడానికి కుదరదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో తేల్చేసింది. దాంతో ఆ 72,000 ఆదాయంలో కలిసిపోయింది. సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను, అంటే 22,464 రూపాయలు. ఒక ఓటీపీ ఖరీదు! ఈ సంవత్సరానికి ఆ నిబంధన ఎలా ఉందో మీ ఆడిటర్‌ను అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి. డ్యామేజీలు కూడా 2024 జూన్ నుంచి నెలకు 1 శాతంగా మారాయి.

ఆ తర్వాత మేం చేసింది చాలా చిన్న పని. చెల్లింపుకు అనుమతి ఇచ్చే అధికారం రెండో భాగస్వామికి కూడా బ్యాంకులో ఇప్పించాం. హాజరు పట్టీ 3వ తారీఖున మూసేశాం. ఆ తర్వాత ఎవరైనా లీవు దిద్దమంటే వచ్చే నెలే. 7కు ఈసీఆర్, అంటే ఎవరి పేర ఎంత కడుతున్నామో చెప్పే నెలవారీ ఫైలు, పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించడం, 10కి డబ్బు. 14, 15 తారీఖుల్లో పోర్టల్ నత్తనడక నడుస్తుంది, ఆ రోజులు మనవి కావనుకోండి. ఈసీఆర్‌ను ప్రతి నెలా మొదటినుంచి కొట్టకండి. పోయిన నెల ఫైల్లో 11 కాలమ్‌లు నింపే ఉన్నాయి, దాన్నే తీసుకోండి. చేరినవాళ్లు, మానేసినవాళ్లు, జీతం లేని రోజులు, మారిన వేతనాలు. ఇవే మారుస్తారు.

రెండోది తిరిగి చేసే పని. దీనికి బిల్లు ఉండదు కాబట్టి యజమానికి కనబడదు, మీ సాయంత్రాలు మాత్రం పోతాయి. ఇందులో ఎక్కువ భాగం మనిషి చేరిన రోజే పుడుతుంది. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లతో పెద్ద తంటా. ఆధార్‌లో 'కె. వెంకట రమణ', పాన్‌లో 'కొండా వెంకటరమణ', బ్యాంకు పుస్తకంలో 'వెంకట రమణ కె'. ముగ్గురూ ఒకే మనిషని మీకూ నాకూ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. అందుకే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే మొదటి జీతం లోపే దిద్దించుకోమనండి. ఐదేళ్ల తర్వాత, ఇంట్లో పెళ్లి పెట్టుకుని డబ్బు కోసం వచ్చినప్పుడు కాదు. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, ఉద్యోగే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి కాబట్టి ఆ పని కూడా మీ టేబుల్ ముందే చేయించండి.

తర్వాత ఫారం 11, చేరేటప్పుడు ఉద్యోగి తన పాత పీఎఫ్ వివరాలు రాసిచ్చే కాగితం. దీన్ని సంతకం కాగితంలా చూస్తారు కానీ, నా దృష్టిలో పీఎఫ్ ఫైలు మొత్తంలో విలువైన కాగితం ఇదే. ఇంతకుముందు పెన్షన్ పథకంలో సభ్యుడా అని అందులో అడుగుతుంది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే వేతనం 15,000 దాటి ఉంటే పెన్షన్‌కు అర్హత లేదు. యజమాని 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకే వెళ్లాలి. ఇది చూసుకోకుండా నెలకు 1,250 పెన్షన్‌కు పంపుతూ పోతే ఐదేళ్లకు 75,000 తప్పు ఖాతాలో కూర్చుంటుంది. క్లెయిమ్ ఆగినప్పుడు కానీ బయటపడదు. అప్పుడు వడ్డీతో సహా వెనక్కి మళ్లించడానికి నెలల తరబడి ఉత్తరాలు రాయాలి. చేరిన రోజు ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది.

ఈ వారం పని రెండు. ఒకటి: గత 12 నెలల చలాన్లు తీసి, కట్టిన తారీఖులు ఒక కాగితం మీద రాయండి. 12వ తారీఖు దాటి కట్టిన ప్రతి నెల పక్కన ఎవరి కోసం ఆగామో, లేదా దేని కోసం ఆగామో రాయండి. మొహమాటపడకండి, సార్ పేరైనా సరే.

రెండు: ఒక అమ్మాయి 22,000 వేతనంతో మొదటిసారి ఉద్యోగంలో చేరింది. తనూ కంపెనీ ఒప్పుకుని పూర్తి వేతనం మీద పీఎఫ్ కడుతున్నారు. ఏ ఖాతాకు ఎంత వెళ్తుందో వేయండి. ఈడీఎల్ఐ లెక్క మాత్రం 15,000 మీదే. జవాబు వచ్చే పాఠంలో, మానేసినవాళ్ల ఎగ్జిట్ తేదీల పనితో పాటు చూద్దాం.