‘72 సీజన్స్’ వినాలంటే చివరి పాటతో మొదలుపెట్టండి

అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా ‘72 సీజన్స్’ ఆల్బమ్ 2023 ఏప్రిల్ 14న వచ్చింది. దాని ముందుది 2016లో. ఆరేళ్ళకు పైగా ఎదురుచూసిన ఆత్రంలో ఆ రాత్రే పన్నెండు పాటలూ, 77 నిమిషాలూ ఏకబిగిన వినేశాను, ఆరో పాట దాటాక ఏ రిఫ్ (పాటలో పదే పదే వచ్చే గిటార్ ముక్క) ఏ పాటదో తెలియకుండా అన్నీ కలగాపులగం అయిపోయి చాలా నిరాశగా పడుకున్నాను. నేను విన్న పద్ధతే తప్పని తెలియడానికి రెండు వారాలు పట్టింది. మీకు ఆ రెండు వారాలు మిగలాలనే ఇది రాస్తున్నాను.

ముందు షఫుల్ ఆపేయండి. ఫోన్ స్పీకర్‌లో అసలు పెట్టకండి, బేస్ గిటార్ మొత్తం మాయమైపోతుంది. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ళు వాయించినప్పుడు నేనున్నాను, ఆ బేస్ చెవుల కంటే ముందు పక్కటెముకలకి తగిలింది. అంత కుదరదు కానీ మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా పెట్టుకోండి.

ఇప్పుడు నేరుగా పన్నెండో పాట, ‘ఇనమొరాటా’. 11 నిమిషాల 10 సెకన్లు, ఈ బ్యాండ్ రాసుకున్న పాటల్లో ఇంత పొడవైంది ఇంకోటి లేదు. దుఃఖాన్ని ప్రియురాలిగా చేసుకుని, వదిలించుకోవాలనుకుంటూనే వదల్లేని మనిషి పాట ఇది. మధ్యలో ఒకచోట గిటార్లు తప్పుకుని రాబర్ట్ ట్రుహీయో బేస్ దాదాపు ఒంటరిగా మిగులుతుంది, డ్రమ్స్ మెల్లగా వెనకాలే నడుస్తుంటాయి, గాయకుడూ గిటారిస్టూ అయిన జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు తగ్గించి పాడతాడు, తర్వాత గిటార్లు ఒక్కొక్కటీ తిరిగి వచ్చి చేరతాయి. అది రెండు మూడు సార్లు వినండి. నా దృష్టిలో ఆల్బమ్ మొత్తానికీ ప్రాణం అక్కడే ఉంది.

పేరు సంగతి కూడా తెలిస్తే పాటల దారి తెరుచుకుంటుంది. 72 సీజన్లంటే మనిషి మొదటి 18 ఏళ్ళు, ఏడాదికి నాలుగు చొప్పున. (మన ఆరు ఋతువుల లెక్కలో అయితే సరిగ్గా 108.) ఆ వయసులో మనలో పడ్డ ముద్రలనే జీవితమంతా మోస్తామా అన్నదే ప్రశ్న. హెట్‌ఫీల్డ్ తల్లిదండ్రుల మతవిశ్వాసం వైద్యాన్ని ఒప్పుకోనిది, అతనికి 16 ఏళ్ళప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఇది మనసులో పెట్టుకుని పసుపు రంగు కవర్ మీద కాలి నల్లబడిన ఆ పసిపిల్లల మంచం చూడండి, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని టైటిల్ పాట వినండి.

మర్నాడు ‘లక్స్ ఈటర్నా’. మూడున్నర నిమిషాలు కూడా ఉండదు, 1983లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ నాటి ఉరుకు ఇందులో ఉంది. ఇక్కడ పాటని వదిలేసి హెట్‌ఫీల్డ్ కుడి చెయ్యి ఒక్కటే వినండి. ఆ వేగానికి చాలామంది పిక్‌ని (తీగలు మీటే చిన్న బిళ్ళని) కిందికీ పైకీ ఆడిస్తారు, ఇతను మాత్రం వీలైనంతవరకు పైనుంచి కిందికే కొడతాడు, అరచేతి అంచు బ్రిడ్జ్ దగ్గర, అంటే తీగలు గిటార్ ఒంటికి ఆనే చోట, తీగల మీద ఆనించి ఉంచుతాడు కాబట్టి శబ్దం సాగకుండా టక్కు టక్కున తెగుతుంది. మెటల్ కొత్తవాళ్ళకి ఒట్టి గోలలా అనిపించేది ఈ తెగడం వినపడనంతవరకే.

లీడ్ గిటారిస్ట్ కిర్క్ హామెట్ సోలోల మీద ఎప్పుడూ గొడవే, అన్నిటికీ అదే వావా పెడల్ (కాలితో తొక్కుతుంటే గిటార్ శబ్దాన్ని ‘వా-వా’ అనిపించే పరికరం) అంటారు, కొన్ని పాటల్లో నేనూ ఒప్పుకుంటాను. అయితే పదకొండోది ‘రూమ్ ఆఫ్ మిర్రర్స్’ చివర్లో రెండు గిటార్లు జంటగా పాడే చోటు వినకుండా తీర్పు చెప్పొద్దు. ఏడో పాట, ఎనిమిదో పాట నాకు ఇప్పటికీ సాగదీసినట్టే ఉంటాయి, అక్కడ మీకు విసుగొస్తే వదిలేయండి.

వారం గడిచాక, ఆదివారం పొద్దున్నో రాత్రి బస్సులోనో, మొదటి పాట నుంచి వరసగా పెట్టండి. ‘ఇనమొరాటా’ మొదలయ్యేసరికి 66 నిమిషాలు అయి ఉంటాయి. ఆ బేస్ వచ్చే చోట ఫోన్ మోగితే మాత్రం ఎత్తకండి.