హార్డ్ డిస్క్ నాడి చూద్దాం – 3వ పాఠం: స్మార్ట్ పట్టికలో ఏ అంకెను పట్టించుకోవాలి?

మొదటి పాఠంలో డిస్క్ చేసే చప్పుళ్లు విన్నాం. రెండో పాఠంలో సాటా కేబుల్, పవర్ కనెక్టర్ ఊడదీసి మళ్లీ బిగించి చూశాం. అయినా కంప్యూటర్ మధ్యమధ్యలో బిగుసుకుపోతోందా? ఫోల్డర్ తెరిస్తే పైనున్న పచ్చగీత నత్తలా పాకుతోందా? అయితే ఇక డిస్క్‌నే అడగాలి. ప్రతి డిస్క్ తన ఒంట్లో జరిగేదంతా లోపల ఒక చిట్టాలో రాసుకుంటూ ఉంటుంది. ఆ చిట్టా పేరే స్మార్ట్. దాన్ని చదవడమే ఈ పాఠం. ఇక్కడ చెప్పేదంతా లోపల పళ్లేలు తిరిగే సాటా డిస్కులకే. ఎస్‌ఎస్‌డీల చిట్టా వేరు, దాని లెక్కలు వేరు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. టక్... టక్... టక్ అని ఒకే లయలో కొట్టుకుంటున్న డిస్క్‌కు ఈ పాఠంలోని పరీక్షలేవీ పెట్టకండి. పళ్లెం మీది డేటాను చదివే, రాసే భాగమైన హెడ్ దెబ్బతిన్న డిస్క్‌ను తిప్పుతున్నంతసేపూ పళ్లెం మీది అయస్కాంత పొర గీరుకుపోతూ ఉండొచ్చు. గీరుకుపోయిన చోట డేటాను ఏ ల్యాబూ తిరిగి తేలేదు. పవర్ తీసి పక్కన పెట్టండి. లోపలి డేటా కావాలనుకుంటే అది రికవరీ ల్యాబ్ పని.

చిట్టా తెరవడం

విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు, ఉచితంగా దొరుకుతుంది. వేరే కంప్యూటర్‌లో దాని పోర్టబుల్ జిప్ డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో విప్పి, అక్కడి నుంచే నడపండి. అనుమానం ఉన్న డిస్క్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. దాని మీద పడే ప్రతి కొత్త రైటూ, అంటే రాతా, మీరు పొరపాటున డిలీట్ చేసి ఇప్పుడు తిరిగి కావాలనుకునే ఫైల్ చోట పడొచ్చు.

తెరవగానే ఒక సెట్టింగ్ మార్చాలి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్, అందులో 10 అని ఉన్న డెసిమల్ ఎంచుకోండి. ఇది చేయకపోతే అంకెలు హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, కనిపిస్తాయి. అక్కడ 18 అని ఉంటే అసలు విలువ 24. ఇది తెలియక పొరబడేవాళ్లు చాలామంది.

డిస్క్ యూఎస్‌బీ డబ్బాలో ఉండి ప్రోగ్రామ్‌లో అసలు కనిపించకపోతే, చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు. డబ్బాలోని బ్రిడ్జి చిప్ స్మార్ట్ సమాచారాన్ని బయటికి పంపడం లేదన్నమాట. అలాంటప్పుడు డిస్క్ తీసి నేరుగా సాటాకు తగిలించాలి. ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో కొన్నింటికి యూఎస్‌బీ సాకెట్‌ను డిస్క్ బోర్డు మీదే అతికిస్తారు, లోపల సాటా పిన్నులే ఉండవు. పగలగొట్టి చూసేముందు మీ మోడల్ ఎలాంటిదో తెలుసుకోండి.

నీలం రంగు ‘గుడ్’ చూసి ఊరుకోవద్దు

పట్టికలో ప్రతి వరుసకూ కరెంట్, వరస్ట్, థ్రెషోల్డ్, రా వాల్యూస్ అని నాలుగు గళ్లు ఉంటాయి. కరెంట్ అంటే డిస్క్ తనకు తాను వేసుకునే మార్కులు. ఇవి 100తోనో 200తోనో మొదలై, దెబ్బ తినేకొద్దీ తగ్గుతాయి. థ్రెషోల్డ్ దాకా దిగితేనే డిస్క్ ‘నేను పాడయ్యాను’ అని ఒప్పుకుంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల తెర మీద వచ్చే స్మార్ట్ హెచ్చరిక కూడా అప్పుడే వస్తుంది. అప్పటికి వందల సెక్టార్లు (డిస్క్ డేటా దాచుకునే చిన్న గదులు) పోయి ఉండొచ్చు. అందుకే మార్కులు వదిలేసి, చివరి గడిలోని రా విలువ చూడండి. అసలు లెక్క అందులోనే ఉంది.

రా విలువలన్నీ సున్నా అయినా పూర్తి హామీ లేదు. గూగుల్ తన డేటా సెంటర్లలోని డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రంలో, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా స్మార్ట్‌లోని ముఖ్యమైన నాలుగు లెక్కల్లో దేనిలోనూ ఏ గుర్తూ చూపలేదు. ఆన్‌లైన్ బ్యాకప్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ 2016లో తాను గమనించే అయిదు స్మార్ట్ లెక్కల అనుభవం రాస్తూ, చెడిపోయిన డిస్కుల్లో దాదాపు నాలుగో వంతు చెప్పాపెట్టకుండా పోయాయంది. కానీ అదే గూగుల్ పత్రంలో ఇంకో మాట ఉంది. పళ్లెం తనిఖీలో మొదటి తప్పు కనిపించిన డిస్క్, ఏ తప్పూ లేని డిస్క్‌తో పోలిస్తే, ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. సున్నా ఉందంటే ధైర్యం చెప్పలేం గాని, సున్నా కాదంటే మాత్రం గట్టిగా భయపడాలి.

సీ5: అసలు కథంతా ఇక్కడే

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఐడీలు హెక్సాలోనే ఉంటాయి. సీ5 అంటే మామూలు లెక్కలో 197, కరెంట్ పెండింగ్ సెక్టార్లు. దీన్ని ఒక్కదాన్ని బాగా అర్థం చేసుకుంటే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

డిస్క్ ఒక సెక్టార్ చదవబోయింది. వచ్చిన సిగ్నల్‌ను తన ఎర్రర్ కరెక్షన్‌తో సరిచేయలేకపోయింది. హెడ్‌ను కొంచెం అటూఇటూ జరిపి మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. మీ కంప్యూటర్ బిగుసుకుపోయేది సరిగ్గా ఈ సమయంలోనే: డిస్క్ ఆ ఒక్క ముక్కతో కుస్తీ పడుతుంటే, విండోస్ జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. చివరికి చదవలేక, ఆ సెక్టార్‌ను ‘పెండింగ్’ అని రాసుకుంటుంది.

మరి వెంటనే, ఇలాంటి అవసరానికే విడిగా ఉంచుకున్న స్పేర్ సెక్టార్‌లోకి ఎందుకు మార్చదు? మార్చి అందులో ఏం రాయాలి? పాత డేటా చదవలేకపోయింది కదా. ఎప్పటికైనా చదవగలనేమోనని అలాగే ఉంచుతుంది. మీరు అదే చోట కొత్తగా ఏదైనా రాసినప్పుడు మాత్రం పరీక్షించుకుంటుంది. రాసింది సరిగ్గా నిలిస్తే పెండింగ్ కొట్టేస్తుంది. నిలవకపోతే స్పేర్‌లోకి మార్చి, 05 అనే రీఅలొకేటెడ్ లెక్కలో కలుపుతుంది.

అందుకే సీ5 తగ్గినప్పుడు 05 ఏం చేసిందో తప్పకుండా చూడాలి. సీ5 ఎనిమిది నుంచి సున్నాకు వచ్చి 05 కదలలేదంటే పళ్లెం చాలావరకు బాగానే ఉన్నట్టు. రాస్తుండగా కరెంటు పోయి సగంలో ఆగిన రైట్ అయి ఉండొచ్చు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లలోనూ, బ్యాటరీ చచ్చి చార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్‌లలోనూ ఇది మామూలే. సీ5 తగ్గి, తగ్గినంతా 05లో చేరిందంటే అక్కడ పళ్లెం నిజంగానే పాడైంది.

సీ5 చాలా డిస్కుల్లో 8, 16, 24 ఇలా ఎనిమిదో ఎక్కంలో పెరుగుతుంది. ఈ కాలపు డిస్క్‌లో ఒక్కో సెక్టార్ నిజానికి 4096 బైట్లు, బయటికి మాత్రం 512 బైట్ల ముక్కలు ఎనిమిదిగా చూపిస్తుంది. ఒకటి పోతే లెక్కలో ఎనిమిది పడతాయి. కాబట్టి 24 అంటే పోయింది మూడు సెక్టార్లు, 12 కేబీ. అంతేనా అనిపించొచ్చు. ఆ 12 కేబీ పెళ్లి వీడియో మధ్యలో పడితే ఒక్క క్షణం బొమ్మ చెదురుతుంది. విండోస్ రిజిస్ట్రీలో పడితే కంప్యూటరే లేవదు.

సీ6 (198, అన్‌కరెక్టబుల్) ఎక్కువగా సీ5 వెంటే నడుస్తుంది, విడిగా బెంగ పడనక్కర్లేదు. బీబీ (187, రిపోర్టెడ్ అన్‌కరెక్టబుల్) కనిపిస్తే అది ఇంకా సూటిగా చెబుతుంది: చదవలేకపోయానని డిస్క్ కంప్యూటర్‌కు చేతులెత్తేసిన సార్లు అవి.

ఒక్కసారి చూస్తే చాలదు

ఒక కాగితం మీద రాసుకోండి. మచ్చుకు, చెడిపోతున్న డిస్క్ ఇలా ఉంటుంది:

సోమవారం ఉదయం – 05: 0, సీ5: 8, సీ7: 3
సోమవారం రాత్రి, ఫొటోలు కాపీ అయ్యాక – 05: 0, సీ5: 32, సీ7: 3
బుధవారం – 05: 16, సీ5: 56, సీ7: 3

చదివేకొద్దీ పెండింగ్ పెరుగుతోంది, అందులో కొన్ని 05లోకి జారుతున్నాయి. ఈ డిస్క్‌ను ఇక నమ్మకూడదు. అదే 05 దగ్గర 16 అని ఉండి ఆరు నెలలుగా కదలకపోతే, ఎప్పుడో తగిలిన దెబ్బ మానిందనుకోవచ్చు. బ్యాకప్ ఉన్న సినిమాలకు వాడుకోవచ్చు గాని, వేరే కాపీ లేని ఫైళ్లు అందులో ఉంచడం మాత్రం తప్పు.

సీ7 పెరిగితే డిస్క్ కొనకండి

పై కాగితంలో సీ7 మూడు దగ్గరే ఉండిపోయింది చూశారా? సీ7 (199, సీఆర్‌సీ ఎర్రర్లు) పళ్లెం గురించి చెప్పదు. డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిన సార్లను లెక్కపెడుతుంది. కేబుల్ వదులు, మడత పడ్డ కేబుల్, మాసిన పిన్నులు ఇవే దాదాపు ఎప్పుడూ కారణం. ఈ లెక్క ఎన్నటికీ వెనక్కి తగ్గదు, సున్నా చేయడం మన వల్ల కాదు. కాబట్టి ఇప్పుడున్న అంకె రాసుకుని, కొత్త సాటా కేబుల్ వేసి, ఓ 50 జీబీ కాపీ చేసి మళ్లీ చూడండి. కదలకపోతే వంద రూపాయల కేబుల్‌తో పని అయిపోయింది. కదిలితే మదర్‌బోర్డు మీద ఇంకో పోర్టుకు మార్చండి. అప్పటికీ పెరుగుతుంటేనే డిస్క్ బోర్డును అనుమానించాలి. మంచి డిస్కులు ఎన్నో కేవలం కేబుల్ తప్పుకు బలైపోతున్నాయి. ఇది మనసులో పెట్టుకోండి.

సీగేట్ డిస్క్ చూసి హడలిపోకండి

సీగేట్‌లో 01 (చదివేటప్పటి తప్పులు), 07 (హెడ్ జరిగేటప్పటి తప్పులు) వరుసల్లో కోట్లలో అంకెలు కనిపిస్తాయి. అవన్నీ తప్పులు కావు. ఆ 12 అంకెల హెక్సా గడిలో మొదటి నాలుగు మాత్రమే తప్పుల లెక్క, మిగిలిన ఎనిమిదీ చేసిన పనుల లెక్క. సెట్టింగ్‌ను కాసేపు తిరిగి హెక్సాకు మార్చి చూడండి, ముందు నాలుగు సున్నాలుంటే నిశ్చింతగా ఉండొచ్చు. బీసీ (188, కమాండ్ టైమవుట్) కూడా అంతే. డెసిమల్‌లో 4295032833 అని ఉంటే గుండె ఆగుతుంది. హెక్సాలో అది 0001 0001 0001, మూడు వేర్వేరు లెక్కలు పక్కపక్కన పెట్టిన అంకె, ఒక్కోదానిలో ఒకటే.

లాంగ్ టెస్ట్

చిట్టాలో ఉండేది డిస్క్ ఇప్పటివరకూ తాకిన చోట్ల సంగతే. ఏళ్లుగా ఎవరూ తెరవని ఫోల్డర్ కింద ఏముందో దానికీ తెలియదు. మొత్తం చదివించాలంటే లాంగ్ టెస్ట్ పెట్టాలి. జీస్మార్ట్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ మీద రెండుసార్లు నొక్కి, సెల్ఫ్ టెస్ట్ ట్యాబ్‌లో ఎక్స్‌టెండెడ్ ఎంచుకోండి. షార్ట్ టెస్ట్ రెండు నిమిషాల్లో అయిపోతుంది గాని పళ్లెంలో కొంచెమే చూస్తుంది. 1 టీబీ డిస్క్‌కు ఎక్స్‌టెండెడ్ రెండు నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. స్లీప్ ఆపేసి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి వదిలేయండి. యూఎస్‌బీ డబ్బాలో పెడితే డబ్బా నిద్రలోకి జారి పరీక్ష మధ్యలో ఆగిపోవచ్చు. ఆ ‘ఇంటరప్టెడ్’ను డిస్క్ తప్పుగా లెక్కించకండి. ‘రీడ్ ఫెయిల్యూర్’ అని వచ్చి పక్కన ఎల్‌బీఏ నంబర్ (చదవలేని సెక్టార్ చిరునామా) కనిపిస్తే మాత్రం ఇక వాదన లేదు. వారంటీ ఉంటే ఆ తెర ఫొటో తీసి పెట్టుకోండి.

సీ5 ఇప్పటికే పెరుగుతున్న డిస్క్‌కు ఈ పరీక్ష ముందు పెట్టొద్దు. కాపీ ముందు, పరీక్ష తర్వాత. మిగిలిన ఆయుష్షును పరీక్షకు ఖర్చు చేస్తే కాపీకి ఏం మిగులుతుంది?

అదే కారణంతో ‘చెక్‌డిస్క్ స్లాష్ ఆర్’ (chkdsk /r) అనే విండోస్ కమాండ్ కూడా కొట్టకండి. బజారులో ఎక్కువమంది మొదట చేసేది ఇదే, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. అది ప్రతి సెక్టార్‌నూ చదువుతూ డిస్క్‌ను గంటల తరబడి నలిపేస్తుంది. పైగా ఫైల్ పట్టికను తనకు తోచినట్టు సరిచేస్తుంది, సరిగ్గా చదవలేని డిస్క్ మీద. పేరున్న ఫోల్డర్లు పోయి, పేరులేని ముక్కలు మిగులుతాయి.

డేటా మొత్తం బయటికి తీసుకున్నాకే డిస్క్‌కు ఆఖరి పరీక్ష: క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. విస్టా నుంచి విండోస్ పూర్తి ఫార్మాట్‌లో ఆ పార్టిషన్ అంతటా సున్నాలు రాస్తుంది, కాబట్టి అక్కడి పెండింగ్ సెక్టార్లన్నీ ఏదో ఒక వైపు తేలతాయి. సీ5 సున్నా, 05 కూడా సున్నా అయితే డిస్క్‌ను మళ్లీ వాడుకోవచ్చు, వారం పాటు కాగితం మీద గమనిస్తూ. 05 పెరిగితే దాన్ని ఇక ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి.

ఈ వారం అభ్యాసం

మీ ఇంట్లో ఉన్న డిస్కులన్నింటికీ, బాగున్నవాటికి కూడా, 05, 09, సీ5, సీ7 రాసి తేదీ వేయండి. 09 అంటే డిస్క్ ఆన్‌లో ఉన్న గంటలు, ఏడాదికి 8760. సీసీటీవీ డీవీఆర్‌లో మూడేళ్లు ఆగకుండా తిరిగిన డిస్క్‌లో 26,280 దగ్గర ఉంటుంది. కొత్తదని కొన్నదానిలో అలాంటి అంకె కనిపిస్తే వెంటనే వెనక్కివ్వండి.

వచ్చే పాఠంలో సీ5 పెరుగుతున్న డిస్క్ నుంచి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డేటా తీయడం చూద్దాం: బాగున్న చోట్లను ముందు, గాయాలను చివర చదివించే పద్ధతి. దానికి మీ దగ్గర 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, జబ్బు డిస్క్ కంటే పెద్దదైన ఖాళీ డిస్క్ ఒకటి ఉండాలి. 500 జీబీ డిస్క్‌కు 1 టీబీ తెచ్చుకోండి. ఇమేజ్ ఫైల్ (జబ్బు డిస్క్ మొత్తం నకలు) అందులో పట్టాక, దాని నుంచి ఫైళ్లు విడదీసుకోవడానికీ చోటు కావాలి. అంతవరకు జబ్బు డిస్క్ పవర్ తీసే ఉంచండి.