బైక్‌కీ చైన్‌కీ ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు

క్లీనర్ కొనేటప్పుడు చాలామంది చూసేది ఒక్కటే, మురికి ఎంత త్వరగా వదులుతుందా అని. నన్నడిగితే ముందు చూడాల్సింది మురికి కింద ఏముందో. రబ్బరా, ప్లాస్టిక్కా, పెయింటా, అల్యూమినియమా అన్నది తెలిస్తే ఏ డబ్బా తీసుకోవాలో సగం తేలిపోయినట్టే.

ఎక్కువ నష్టం జరిగేది చైన్ దగ్గరే కాబట్టి దాంతో మొదలుపెడదాం. చైన్‌ని పక్కనుంచి టార్చ్ వేసి దగ్గరగా చూడండి. లోపలి ప్లేటుకీ బయటి ప్లేటుకీ మధ్య సన్నటి సందులో నల్లటి రబ్బరు అంచు కనిపిస్తే అది ఓ-రింగ్ లేదా ఎక్స్-రింగ్ చైన్. పిన్ను చుట్టూ ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి, అది బయటికి రాకుండా, నీళ్లూ ఇసుకా లోపలికి పోకుండా ఆ రింగులతో సీల్ చేస్తారు. రింగు ఒకసారి ఉబ్బిపోయినా చిట్లినా లోపలి గ్రీజు పోతుంది, దాన్ని మళ్లీ ఎక్కించే దారి లేదు. మీరు పైన ఎంత లూబ్ (చైన్‌కి వేసే నూనె) కొట్టినా అది రోలర్ల వరకే పనిచేస్తుంది. అక్కడక్కడా లింకులు బిగుసుకుపోయి, తిప్పితే చైన్ మెలికలుగా నడుస్తోందంటే చాలాసార్లు కథ ఇదే.

అందుకే పెట్రోల్‌తో చైన్ కడగొద్దు. నిజమే, జిడ్డు ఇట్టే వదులుతుంది, కానీ రింగుల రబ్బరుకి అది పడదు. పైగా మామూలు గది వేడిలోనే దాని ఆవిరి అంటుకుంటుంది, దూరంగా ఉన్న చిన్న నిప్పురవ్వ చాలు. థిన్నర్, బెంజీన్ కూడా ఇదే లెక్క. బ్రేక్ క్లీనర్ లోహానికి బాగా పనికొస్తుంది గానీ దాన్ని చైన్ మీద కొట్టకండి, చాలా రకాలు రబ్బరునీ పెయింటునీ దెబ్బతీస్తాయి.

మరి ఏది వాడాలి? డబ్బా మీద ఓ-రింగ్ చైన్లకు సురక్షితం అని స్పష్టంగా రాసి ఉన్న చైన్ క్లీనర్ తీసుకోండి. లేదంటే కిరోసిన్. యమహా మాన్యువల్స్ చాలావాటిలో చైన్‌ని కిరోసిన్‌తో, చిన్న మెత్తటి బ్రష్‌తో కడగమనే ఉంటుంది. మీ బండి మాన్యువల్ ఏమంటుందో కూడా ఒకసారి చూసుకోండి, కొన్ని కంపెనీలు ఓ-రింగ్ చైన్ల కోసమే చేసిన క్లీనర్ తప్ప వేరేది వద్దంటాయి. కిరోసిన్ అయితే గుడ్డకీ బ్రష్‌కీ పట్టించి తుడవాలి తప్ప చైన్‌ని అందులో గంటలకొద్దీ నానబెట్టకూడదు. అది కూడా మండేదే కాబట్టి ఆరుబయటే చేయండి, చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, సిగరెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పని అయ్యాక పొడి గుడ్డతో బాగా తుడిచేయాలి.

బ్రష్ నైలాన్‌దే వాడాలి. వైర్ బ్రష్ రింగుల్ని గీకేస్తుంది. ప్రెషర్ వాషర్ గన్ చైన్ మీదా చక్రాల బేరింగుల మీదా గురిపెట్టొద్దు, నీళ్లు సీలు దాటుకుని లోపలికి వెళ్తాయి. ఇంకోటి, ఇది ప్రొడక్ట్ సంగతి కాకపోయినా చెప్పాలి: ఇంజిన్ ఆన్ చేసి గేర్‌లో పెట్టి, తిరుగుతున్న చైన్‌కి గుడ్డ అడ్డం పెట్టే వీడియోలు చూసి మోసపోకండి. గుడ్డతో పాటు వేళ్లు కూడా చైన్ తిరిగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్‌లోకి పోతాయి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, స్టాండ్ మీద చక్రాన్ని చేత్తో తిప్పుకోండి.

ఇక లూబ్. ఓ-రింగ్‌కి పనికొచ్చే చైన్ లూబ్ స్ప్రే గానీ, మాన్యువల్ ఒప్పుకుంటే గేర్ ఆయిల్ గానీ చాలు. గేర్ ఆయిల్ ఎక్కువ చిందుతుంది, మైనం రకం స్ప్రే తక్కువ చిందుతుంది, నాకైతే దుమ్ము రోడ్లకి రెండోదే నచ్చుతుంది. డబ్ల్యూడీ-40 తడిని తరిమేస్తుంది గానీ దాని పొర పల్చన, లూబ్ బదులు దాన్నే కొట్టి వదిలేస్తే కుదరదు. మందపాటి గ్రీజు పూస్తే దానికి ఇసుక అతుక్కుని చైన్‌నీ స్ప్రాకెట్‌నీ సానరాయిలా అరగదీస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ అయితే అసలే వద్దు, అందులో లోహపు పొడి ఉంటుంది, చర్మానికీ మంచిది కాదు. బండి నడిపి వచ్చాక చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు లోపలి వైపునుంచి పలచగా కొట్టి, కాసేపు ఆగి ఎక్కువైంది తుడిచేయండి. వెంటనే బయల్దేరితే లూబ్ అంతా చక్రం మీదే పడుతుంది.

స్ప్రే కొట్టేటప్పుడు వెనక బ్రేక్ డిస్క్‌కి, టైర్‌కి అట్టముక్కో గుడ్డో అడ్డం పెట్టడం మర్చిపోవద్దు. డిస్క్ మీద పడితే మాత్రం బ్రేక్ క్లీనర్‌తో తుడవండి, ఆ డబ్బాకి సరైన చోటు అదే. బ్రేక్ ప్యాడ్లు నూనె పీల్చేసి ఉంటే ఎంత తుడిచినా నమ్మలేం, మార్చేయడమే మేలు.

బాడీకి వస్తే పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాదు) అని రాసి ఉన్న వాహనాల షాంపూ ఉంటే చాలు. గిన్నెలు కడిగే లిక్విడ్ వేస్తే పైనున్న వ్యాక్స్ పోతుంది, బట్టల సబ్బు పొడి క్షారం, సరిగా కరగకపోతే గీతలు కూడా పడతాయి. ముందు నీళ్లతో మట్టి వదిలించి ఆ తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ పెట్టండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోయొద్దు. మ్యాట్ పెయింట్ అయితే పాలిష్, మామూలు వ్యాక్స్ రెండూ దూరం, రుద్దిన చోటల్లా మెరుపు మచ్చలు పడి ఇక పోవు.

హెడ్‌లైట్, విండ్‌స్క్రీన్ ప్లాస్టిక్కే. వాటికి పెట్రోల్, అసిటోన్, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ తగిలితే సన్నటి పగుళ్లు వచ్చి మసకబారతాయి. షాంపూ నీళ్లే సరిపోతాయి. అల్లాయ్ చక్రాలకి యాసిడ్ క్లీనర్లు, కాస్టిక్ సోడా ఉన్న డీగ్రీజర్లు (జిడ్డు వదిలించేవి) వద్దు, అల్యూమినియంని రెండూ తినేస్తాయి. ఏదైనా కొత్త ప్రొడక్ట్ అయితే సీటు కింద కనపడని చోట ఒక చుక్క వేసి చూశాకే మిగతా చోట్ల వాడండి. టైర్ మెరుపు స్ప్రే రోడ్డుకి తగిలే భాగం మీద, సిలికాన్ పాలిష్ సీటు మీదా ఫుట్‌రెస్టుల మీదా అస్సలు వేయకండి, మలుపులో జారిపోవడానికి అంతకంటే ఏం కావాలి.

మిగిలిన మురికి కిరోసిన్‌ని డ్రెయినేజీలో పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి. తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకుండా, బయట విడివిడిగా పరిచి ఆరాక పారేయండి.