మామ్మని చూసి దెయ్యం పారిపోవాలి: ఇంట్లో బొమ్మల సినిమా తీసే పద్ధతి

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో నాకో జిరాక్స్ షాపుంది. ఏటా దసరా వెళ్ళాక, దీపావళి లోపల, మా వీధి గుంటలతో, అంటే పిల్లలతో, కలిసి పది నిమిషాల బొమ్మల సినిమా ఒకటి తీస్తాను. మూడు చిన్న కథలు. మూడింట్లోనూ భయం ఉంటుంది, మూడింటికీ జనం పడి పడి నవ్వుతారు. మేమూ తీసుకుంటాం, ఎలాగో చెప్పమని షాపుకొచ్చి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. జిరాక్సులు తీస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పడం నావల్ల కావడం లేదు. అందుకని ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా మీద పడింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడిపోయాయి, జీడితోటలు పోయాయి, మాకు రోజుల తరబడి కరెంటు లేదు. రాత్రయితే పిల్లలంతా మా డాబా ఎక్కి, కొవ్వొత్తి చుట్టూ కూచుని ఒకరికొకరు దెయ్యాల కథలు చెప్పుకునేవాళ్ళు. నేను మెట్ల మీద చీకట్లో కూచుని వినేవాణ్ణి. ఒకసారి నిజంగానే భయమేసి లోపలికొచ్చేశాను.

తర్వాత ఓ సెలవుల్లో మా మేనల్లుడు లాప్‌టాప్‌లో సింప్సన్స్ అనే అమెరికా కార్టూన్ చూపించాడు. దాన్లో ఏటా హాలోవీన్ పండక్కి ఓ ప్రత్యేక భాగం వస్తుంది. ట్రీహౌస్ ఆఫ్ హారర్ అంటారు. మొదటిది 1990 అక్టోబర్ 25న వచ్చింది. పిల్లలు చెట్టు మీద కట్టుకున్న గదిలో దెయ్యాల కథలు చెప్పుకుంటుంటే తండ్రి హోమర్ బయట దాక్కుని వింటూ వణికిపోతాడు. అచ్చం నేనే. లాప్‌టాప్ మూయకుండా మళ్ళీ మొదట్నుంచి చూశాను.

ఇక పని. బొమ్మల కంటే ముందు కథ. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. దెయ్యాన్ని వింతగా తయారుచేస్తారు, మనుషుల్ని మామూలుగా వదిలేస్తారు. కానీ నవ్వు పుట్టేది మనుషుల్లోంచి. ఆ మొదటి భాగంలో ఓ కథ చూడండి. సింప్సన్స్ కుటుంబం దెయ్యాల కొంపలోకి దిగుతుంది. గోడలు రక్తం కారుస్తాయి, పొమ్మని గొంతు అరుస్తుంది. వీళ్ళు కదలరు. చివరికి ఆ ఇల్లు ఆలోచించుకుని, ఈ కుటుంబంతో కాపురం చేసేకన్నా కూలిపోవడం మేలని తనంతట తనే మాయమైపోతుంది. కథంతా అదే. దెయ్యం ఎదురుగా ఉన్నా మనవాళ్ళు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండాలి, విసుగు దెయ్యానికి రావాలి.

మరి మన ఇంట్లో దెయ్యాన్ని విసిగించగలిగేది ఎవరు? మామ్మే. మా మొదటి కథ ఇలా రాసుకున్నాం. అర్ధరాత్రి తెల్లచీర దెయ్యం గుమ్మంలో నిలబడుతుంది. మామ్మ కళ్ళు చికిలించి చూసి, "ఎవుల పిల్లవే నువ్వు? ఏ ఊరు? మీ ఇంటిపేరేటి?" అంటుంది. దెయ్యం జుట్టు విరబోసి అరుస్తుంది. మామ్మ దాని కాళ్ళకేసి చూస్తుంది. "పాదాలేటే అలా ఎనక్కి తిరిగిపోయాయి? చిన్నప్పుడు నూనె రాసి కాళ్ళు లాగలేదేటి మీ అమ్మ? ఇలా కూకో, నాను లాగుతాను." ఆ మాటకి డాబా మీద ఆడవాళ్ళు నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంది. తర్వాత కొరివి దెయ్యం వస్తుంది, నోట్లో నిప్పుతో. అప్పటికి మామ్మ చుట్ట అడ్డంగా తిప్పి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంటుంది. మూసిన పెదాల మధ్య నుంచి పొగ. కొరివి దెయ్యం ఆమెను చూసి, తనకంటే పెద్ద కొరివి దెయ్యమేదో అనుకుని లగెత్తుతుంది. మా ప్రాంతపు పాత ముసలమ్మల్ని ఎరిగినవాళ్ళకి ఈ సీను వివరించక్కర్లేదు. పిల్లల సినిమాలో చుట్టేమిటని ఒకాయన గొణిగాడు. నిజమే, అడ్డపొగ వల్ల అంగిలికి కేన్సర్ వస్తుంది. అందుకే ఆ సీను చివర మామ్మ చేత చుట్ట చెంబునీళ్ళలో పడేయించాం. చుస్ మన్న చప్పుడుకి ఇంకో నవ్వు దొరికింది.

రెండో కథ బయటినుంచి వచ్చేవాళ్ళది. సింప్సన్స్‌లో కాంగ్, కోడోస్ అనే ఒంటికన్ను గ్రహాంతరవాసులు కుటుంబాన్ని ఎత్తుకెళ్ళి విందు పెడతారు. కూతురు లీసాకి అనుమానం. వంటల పుస్తకం దొరుకుతుంది, అట్ట మీద మనుషుల్ని వండే పద్ధతి అని ఉంటుంది. దుమ్ము ఊదితే మనుషుల కోసం వండే పద్ధతి అవుతుంది. మళ్ళీ ఊదితే అర్థం మళ్ళీ తిరగబడుతుంది. ఇలా అట్ట మీద దుమ్ము పోయేకొద్దీ మాట మారిపోతుంది. ఇది ఇంగ్లీషులోనే కుదిరే చమత్కారం, తెలుగులోకి తేవాలంటే మనదే వెతుక్కోవాలి. మాకు రెండు రోజులు పట్టింది. పుస్తకం మీద వరిపిండి పడి "పిల్లల కూరలు" అని కనిపిస్తుంది. అందరూ ఘొల్లుమంటారు. పాప పిండి తుడిస్తే "పిల్లలకిష్టమైన కూరలు". మధ్యలో "కిష్టమైన" పిండి కింద ఉండిపోయిందన్నమాట. అక్షరాలు కలిసిపోయే మన రాతలో ఇలాంటివి బోలెడు దొరుకుతాయి. పెళ్ళికార్డుల ప్రూఫులు చూసేవాణ్ణి, నాకు తెలుసు.

మూడో దానికి వాళ్ళు 1845లో అచ్చైన ఎడ్గార్ అలన్ పో కవిత తీసుకుని, మాట్లాడే నల్లపక్షికి కొడుకు బార్ట్ తలకాయ తగిలించారు. మేం కాకినే పెట్టుకున్నాం, కానీ పిండం ముట్టని కాకి. ఇంటిల్లిపాదీ చేతులు జోడించి తాత తీరని కోరికలన్నీ వరసగా అడుగుతుంటారు. పొలం అమ్మం అంటే ముట్టదు. చిన్నోడికి పెళ్ళి చేస్తాం అంటే ముట్టదు. చివరికి మనవడు "తాతా, నీ రేడియో నాను అమ్మేసినాను" అని ఏడిస్తే ముందు వాడి నెత్తిన ఒకటి పొడిచి, అప్పుడు తింటుంది. ఈ కథకి ఎక్కువ కష్టపడలేదు, అదే నడిచిపోయింది.

మొదట్లో హెచ్చరిక తప్పనిసరి. మొదటి ఏడాది పెట్టలేదు. ఓ అయిదేళ్ళ పిల్ల జడుసుకుని ఏడిస్తే వాళ్ళమ్మ తెల్లారి మా షాపు ముందుకొచ్చి నాలుగు కడిగింది. సింప్సన్స్‌లో తల్లి మార్జ్ తెర ముందుకొచ్చి, ఇది భయపెట్టేది, రేపు కోపంగా ఉత్తరాలు రాసే బదులు ఈ రాత్రే పిల్లల్ని పడుకోబెట్టండి అంటుంది. ఇప్పుడు మా మామ్మ బొమ్మ కూడా ముందే వచ్చి, "గుంటల్ని పడుకోబెట్టండర్రా, రేపు నామీదికి రాకండి" అని చెబుతుంది.

బొమ్మలకి అట్ట కావాలి. మాకైతే జీడిపప్పు పెట్టెలకి కొదవ లేదు. తల, మొండెం, చేతులు, కాళ్ళు విడివిడిగా కత్తిరించి, కీళ్ళ దగ్గర సూదితో చిల్లు పెట్టి దారం ముడి వేయండి. ముడి మరీ బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే జారిపోతుంది. రెండు వేళ్ళతో తోస్తే కదిలి, వదిలేస్తే అక్కడే ఆగాలి. ఒక్కో బొమ్మకీ అయిదు నోళ్ళు చాలు: మూసినది, ఆ, ఈ, ఓ, నవ్వు. కంటిపాపలకి నల్లటి స్టిక్కర్ బొట్లు, అన్నిటికంటే చిన్న సైజు. తెల్ల గుండ్రం మీద బొట్టుని కొంచెం పక్కకి జరిపితే చాలు, దెయ్యం దొంగచూపు చూస్తుంది. జిగురు పోయినదాన్ని పారేసి కొత్తది అతికించండి. ఇది మా పెద్దమ్మాయి కనిపెట్టింది, దీనికి మించిన పద్ధతి నాకెక్కడా దొరకలేదు.

ఇక ఫొటోలు. బొమ్మని కొంచెం కదిపి ఒక ఫొటో, మళ్ళీ కొంచెం కదిపి ఇంకోటి, అలా తీసినవన్నీ వరసగా ఆడిస్తే బొమ్మ కదులుతుంది. రెండు స్టూళ్ళ మీద అడ్డంగా చెక్క వేసి, మధ్య చిల్లులోంచి కిందికి చూసేలా ఫోను పెట్టి టేపుతో అంటించేయండి. కింద నేల మీద ముదురు నీలం చార్టు. తెల్లచీర దెయ్యం దానిమీదే కనిపిస్తుంది. కిటికీలు మూసి ఒకే ఎల్‌ఈడీ బల్బు పక్కనుంచి వేయండి. ఎండ మీద ఆధారపడితే మబ్బొచ్చినప్పుడల్లా బొమ్మ నల్లబడుతుంది. కెమెరాలో వెలుగుని లాక్ చేయడం మర్చిపోకండి. ఫ్యాను ఆపాలి. అక్టోబర్ ఉక్కలో ఎవడో ఫ్యాను వేశాడు, దెయ్యం లేచి మంచం కిందికి పోయింది. నలభై ఫొటోల పని మళ్ళీ చేశాం.

స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్‌లో సెకనుకి 8 ఫొటోలు పెట్టుకోండి. లెక్కన నిమిషానికి 480. భయపడకండి, మాట్లాడేటప్పుడు ఒంటిని కదపక్కర్లేదు, నోళ్ళు మారిస్తే చాలు, తీసిన ఫొటోలే మళ్ళీ వాడుకోవచ్చు. అందుకే మాటలు ముందే రికార్డు చేయాలి, ఫొటోలు తర్వాత. మేం తిరగేసి చేసి ఓ ఏడాదంతా పెదాలు ఒకచోట, మాట ఇంకోచోట పెట్టుకున్నాం. రికార్డింగ్ రాత్రి దుప్పటి ముసుగేసుకుని చేయండి, వీధి కుక్కలు పడవు. సిమెంటు నేల మీద ఎండు కొబ్బరి మట్ట లాగితే దెయ్యం చీర కొంగు. డబ్బాలో జీడిగింజలు ఆడిస్తే ఎముకలు.

గుమ్మడికాయ గురించి ఒక మాట. మొదట్లో అమెరికా వాళ్ళని చూసి దీపం పెట్టిన గుమ్మడికాయ బొమ్మ వేశాను. చూసిన పెద్దాయన "దిష్టికాయ లోపలెందుకు కట్టేరు?" అన్నాడు. తీసేసి, గుమ్మానికి మీసాలు, కోరలు గీసిన బూడిద గుమ్మడికాయ వేలాడదీశాను. దెయ్యం వచ్చినప్పుడు అది కళ్ళు మూసుకుంటుంది. రెండు బొట్లు పీకేస్తే సరి.

సినిమా డాబా మీద దుప్పటి మీద వేస్తాం, దీపావళికి రెండ్రోజుల ముందే. పండగ రాత్రి వేస్తే టపాకాయల్లో ఒక్క మాట వినబడదు. అయ్యాక దెయ్యాన్ని చించకండి. కాంగ్, కోడోస్ కూడా ఆ తర్వాతి హాలోవీన్ భాగాల్లో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నారు. మా దెయ్యం ఏడాదంతా షాపులో లామినేషన్ మిషను పక్కన ఫైల్లో పడుకుని ఉంటుంది. ఇప్పటికి మూడు చీరలు మార్చాం. మామ్మకి గొంతిచ్చే ఎదురింటావిడ ఈసారి దానికి అన్నం పెట్టే సీను ఉండాల్సిందేనని పట్టుబట్టింది. కంచం కత్తిరించడం నిన్నే అయింది.